ఆరో నియమం

గుంటూరు నుంచి ఒంగోలు వైపు వెళ్ళే దారిలో, మిరప చేల మధ్య ఉన్న ఒక చిన్న పట్టణంలో మా డిగ్రీ కాలేజీ. నల్లపాడులో ఉన్న మా ఇంటి నుంచి బస్సులో గంట పైనే పడుతుంది. ఇరవై రెండేళ్ళుగా అక్కడ తెలుగు చెబుతున్నాను. కొన్నేళ్ళ కిందట రచన నేర్పే కోర్సు ఒకటి కొత్తగా పెడితే, నేనే వెళ్ళి ప్రిన్సిపాల్ గారిని అడిగి తీసుకున్నాను. అందులో పాఠం చెప్పడం తక్కువ. పిల్లలే రాయాలి, రాసింది పైకి చదవాలి, మిగతావాళ్ళు విని మాట్లాడాలి.

క్లాసు మొదలయ్యే ముందు ఆదివారం పొద్దున్నంతా కూర్చొని చార్టు మీద నియమాలు రాశాను. తొమ్మిదింబావుకి తలుపు వేస్తాను, తర్వాత వచ్చినవాళ్ళు ఆ పూటకి వరండాలో కూర్చోవాలి. ఫోన్లు సంచుల్లో ఉండాలి. రాత సొంతదై ఉండాలి. ఒకరు చదువుతున్నా మాట్లాడుతున్నా ఇంకొకరు నవ్వకూడదు. తప్పు చెప్పే ముందు బాగున్నది చెప్పాలి. ఇక ఆరోది రాయడానికి చాలాసేపు ఆలోచించాను. ఇంటి సంగతులు రాయమంటే పిల్లలు భయపడతారు, ఆ భయం పోవాలి. అందుకని ‘ఈ గదిలో విన్నది ఈ గది దాటకూడదు’ అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

ఆ చార్టు చూసి ప్రిన్సిపాల్ గారు మెచ్చుకున్నారు. తోటి లెక్చరర్లు ఇద్దరు దాన్ని ఫోటో తీసుకున్నారు. నాకు గర్వంగానే ఉండింది.

మొదటి రోజే నాలుగో నియమం నా మూలంగానే చెడింది. ఒక్కొక్కరినీ లేపి ఊరూ వివరాలూ అడుగుతున్నాను. మూడో వరసలో చివరన కూర్చున్న అమ్మాయి లేచి పేరు చెప్పింది. ముస్లింల పేరు. ‘మీ ఇంట్లో తెలుగే మాట్లాడతారా?’ అని అడిగాను. ఆ పిల్ల నా వైపు ఒక క్షణం చూసి, ‘ఇంకేం మాట్లాడతాం మేడమ్?’ అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి తర్వాతి వాళ్ళని లేపాను. ఆ అమ్మాయి నవ్వలేదు. వాళ్ళు తాతల కాలం నుంచీ వాళ్ళ ఊరి పొలాల్లోనే పనిచేస్తూ, ఆ ఊళ్ళో అందరిలాగే మాట్లాడేవాళ్ళని తర్వాత తెలిసింది.

ఆ అమ్మాయి క్లాసులో ఎక్కువ మాట్లాడేది కాదు. కానీ ఎవరైనా చదువుతుంటే పెన్ను కింద పెట్టి వినేది. మిగతావాళ్ళు స్నేహం గురించీ, వాన గురించీ, అమ్మ గొప్పతనం గురించీ పుస్తకాల్లో ఉన్న మాటలే మళ్ళీ రాస్తుండేవాళ్ళు. సంక్రాంతి వెళ్ళాక, మిరప కోతలు ఊపందుకున్న రోజుల్లో, ‘మీ ఇంట్లో పని’ అని ఒక అంశం ఇచ్చాను. ఆ అమ్మాయి వాళ్ళమ్మ గురించి రాసుకొచ్చింది.

వాళ్ళమ్మ కోతలకి వెళ్తుంది. పొద్దున చేలోకి వెళ్ళకముందే కూతురికి జడ వేస్తుంది. సాయంత్రం తిరిగొచ్చాక ఆ చేతులతో పిల్లని ముట్టుకోదు, మిరపకాయ ఘాటుకి అవి అంటుకున్నచోటల్లా మండుతుంది. బియ్యం కడిగిన నీళ్ళలో చేతులు పెట్టుకొని కూర్చొని, ఆ రోజు చేలో ఎవరేం అన్నారో చెబుతుంది. ఒక ఆదివారం కూతురు కూడా కోతకి వెళ్ళింది. పని దిగాక ఆడవాళ్ళందరూ గట్టు మీద వరసగా నిలబడ్డారు. ఆసామి భార్య ఒక్కొక్కరినీ నడుముకి కట్టుకున్న ఒడి విప్పి దులపమంది. ఎవరైనా పిడికెడు కాయలు దాచుకుపోతారేమోనని. తన వంతు వచ్చినప్పుడు వాళ్ళమ్మ నవ్వుతూ ఒడి దులిపింది. ఏదో సరదా మాట కూడా అంది. ఇంటికొచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

చిత్తుప్రతిలో ఇంతే ఉంది. నేను అంచున ఎర్ర పెన్నుతో, ‘ఆసామి భార్య ఎలా ఉంటుంది? ఏం పెట్టుకుంటుంది? వివరం లేకపోతే మనిషి కనిపించదు’ అని రాసిచ్చాను. వారం తర్వాత ఆ అమ్మాయి ఒక్క వాక్యం కలిపి తెచ్చింది. ఆమె కుడి చేతికి మగవాళ్ళ వాచీ పెద్దది పెట్టుకుంటుంది, ఆడవాళ్ళు ఒడి దులుపుతున్నంతసేపూ ఆ వాచీ చూసుకుంటూ ఉంటుంది అని.

ఆ అమ్మాయి అది క్లాసులో పైకి చదివింది. వెనక బెంచీలో ఎప్పుడూ గుసగుసలాడే ఇద్దరు మగపిల్లలు కూడా తలొంచుకు కూర్చున్నారు. ఈ ఉద్యోగంలో అలాంటి రోజులు నాకు ఎక్కువ లేవు. ఆ అమ్మాయితో చాలా బాగుందని చెప్పాను. చెప్పాల్సిన ఇంకో సంగతి కూడా ఉంది. అది చెప్పలేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆ నెలాఖరున మా వదిన అక్క కూతురికి ఓణీల ఫంక్షన్ జరిగింది. భోజనాలయ్యాక షామియానా కింద కుర్చీలు గుండ్రంగా వేసుకొని పదిమంది ఆడవాళ్ళం కూర్చున్నాం. ఈ కాలం పిల్లలకి ఫోన్లు తప్ప ఏమీ పట్టవని ఎవరో అన్నారు. మా క్లాసు పిల్లల్ని వెనకేసుకొస్తూ నేను ఆ రచన సంగతి ఎత్తాను. ఎత్తినదాన్ని అక్కడితో ఆపలేదు. జడ సంగతి చెప్పాను, బియ్యం నీళ్ళ సంగతి చెప్పాను. అందరూ వింటున్నారని తెలిసి గొంతు కొంచెం తగ్గించి ఒడి దులపడం చెప్పాను. చివర్న వాచీ సంగతి కూడా చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు, నిజమే. కానీ పిల్ల ఏ వైపు నుంచి వస్తుందని వదిన అడిగితే ఊరు చెప్పాను.

వదిన ఒక్కసారి నవ్వింది. ‘మగవాళ్ళ వాచీ పెట్టుకునేది ఇంకెవరు, మా పెదనాన్న కోడలే’ అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వదిన పుట్టినూరూ, ఆ అమ్మాయి వాళ్ళ ఊరూ పక్కపక్కనే అని నాకు తెలుసు. ఆ సమయానికి గుర్తు రాలేదని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. గుర్తొచ్చే ఉంటుంది, వినేవాళ్ళ ముఖాలు చూస్తూ ఆపలేకపోయి ఉంటాను అని కూడా అనిపిస్తుంది.

తర్వాతి నెలలో ఆ అమ్మాయి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. మొదటిసారి తొమ్మిదిన్నరకి వచ్చింది. తలుపు అద్దంలోంచి చూశాను. చార్టు వైపు చెయ్యి చూపించాను. ఆ అమ్మాయి వరండాలో కింద కూర్చుంది. రెండోసారీ అంతే. మూడోసారి నేనే తలుపు తీసి, అందరూ వింటుండగా, ఒకసారి బాగా రాసినంత మాత్రాన నియమాలు మారవనీ, క్రమశిక్షణ లేనివాళ్ళకి రాత నిలవదనీ చెప్పాను. ఎందుకు ఆలస్యమవుతోందని అడగలేదు. కారణాలు అడగడం మొదలుపెడితే అందరూ చెబుతారని నా లెక్క. ఆ అమ్మాయి ‘సరే మేడమ్’ అంది. తలుపు వేశాను.

మరుసటి వారం పిల్లలకి ఒక చిన్న పని ఇచ్చాను. ఈ క్లాసు నియమాల గురించి మీ అభిప్రాయం ఒక పేజీలో రాయండి, మొహమాటం వద్దు అన్నాను. కాగితాలు ఇంటికి తెచ్చుకొని సాయంత్రం టీ తాగుతూ చదువుతున్నాను. చాలామంది నియమాలు బాగున్నాయనే రాశారు. ఒకడు ఫోను విషయంలో కొంచెం వెసులుబాటు కావాలన్నాడు. ఆ అమ్మాయి కాగితంలో మాత్రం పైన ఒక ప్రశ్న ఉంది. ‘ఆరో నియమం మాకేనా మేడమ్, మీకు కూడానా?’

దాని కింద నాలుగు వాక్యాలు. అవి నాకు కంఠతా వచ్చు. ‘మా అమ్మని కోత కూలీల ముఠాలోంచి తీసేశారు. మీ కూతురు నా గురించి కాలేజీలో చదివిందంట గదా, మీ మేడమే ఫంక్షన్లో చెప్పిందంట అని ఆసామి భార్య అందరి ముందూ అడిగింది. ఇప్పుడు అమ్మ ఐదింటికే ఆటో ఎక్కి దూరం చేలకి పోతోంది. వంట చేసి తమ్ముణ్ణి బడికి పంపి వచ్చేసరికి నాకు తొమ్మిదింబావు దాటుతోంది.’

టీ గ్లాసు పక్కన పెట్టేశాను. మొదట నాకు సిగ్గు కలిగిందని చెప్పాలని ఉంది. కానీ మొదట వచ్చింది సిగ్గు కాదు. నేను పేరు చెప్పలేదుగా అనుకున్నాను. ఆ వాచీ సంగతి రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదుగా, ఆ పిల్లే కొంచెం జాగ్రత్తగా రాయాల్సింది అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నాకే ఎర్ర పెన్నుతో నేను రాసిచ్చిన మాటలు గుర్తొచ్చాయి. ఆ వాచీని అడిగి రాయించింది నేను. దాన్ని షామియానా కింద కూర్చొని పంచిపెట్టింది కూడా నేనే.

వదినకి ఫోన్ చేశాను. ఆమెకి ఇందులో తప్పేమీ కనిపించలేదు. ‘నువ్వు పాఠంలోకి ఎక్కావే’ అని వేళాకోళానికి వాళ్ళ పెదనాన్న కోడలితో అన్నానంతేనని చెప్పింది. నా గొంతు విని కొంచెం తగ్గి, మాట్లాడి చూస్తానంది. గంటకి మళ్ళీ ఫోన్ చేసింది. ఆసామి భార్య మెత్తబడిందట. ఆ అమ్మాయి వచ్చి, తెలియక రాశానని ఒక్క మాట చెబితే, తల్లిని మళ్ళీ పనిలోకి రమ్మంటుందట.

ఇక్కడ నేను చేసింది రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆ కబురు అక్కడే తుంచెయ్యాల్సింది. తుంచలేదు. సమస్య తీరిపోతోందన్న తేలిక నాకు కలిగింది. ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కి, కాలేజీ స్టాపులో దిగి, ఆటోలో ఆ ఊరు వెళ్ళాను.

ఊరి చివర రేకుల ఇల్లు. ముందు కొంచెం ఎత్తుగా అరుగు. ఆమె బట్టలు ఉతికి ఆరేస్తోంది. నలభై కూడా ఉండవు, సన్నటి మనిషి. నేనెవరో చెప్పగానే చేతులు తుడుచుకొని కుర్చీ తెచ్చి వేసింది. కూతురు లోపలి నుంచి వచ్చి, నన్ను చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది. మంచినీళ్ళు ఇచ్చారు. తాగాను. తప్పు నాదేనని చెప్పాను. ఆమె అడ్డు రాకుండా విన్నది. తర్వాత వదిన ద్వారా వచ్చిన కబురు చెప్పాను. ఒక్క మాట చెబితే చాలంటున్నారమ్మా, నేను కూడా తోడు వస్తాను అన్నాను.

ఆమె కూతురి వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

‘మా పిల్ల రాసింది అబద్ధమైతే చెప్పిస్తానమ్మా. అబద్ధమా?’

‘కాదు’ అన్నాను.

‘మరి ఏం చెప్పమంటారు?’

ఆమె కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. పని సంగతి పెద్ద విషయం కాదంది. కోతల కాలంలో చేతులున్నవాళ్ళకి పనికేం తక్కువ లేదంది.

‘నాకు బాధ అందుకు కాదు మేడంగారూ. ఒడి దులపమన్నప్పుడు నేను నవ్వేది ఎందుకంటే, పిల్ల చూస్తోంది కాబట్టి. దానికి తెలియలేదనుకున్నాను. తెలిసిందని ఆవిడ నోటెంట విన్నాను, పదిమందిలో. అదే నాకు చదివి వినిపించి ఉంటే వేరేగా ఉండేదమ్మా. వినిపిద్దామనే అనుకుందంట.’

గుమ్మంలో ఉన్న అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటిదాకా ఒక మనిషికి పని పోగొట్టానని అనుకుంటున్నాను. అంతకంటే పెద్దది పోగొట్టానని అప్పుడు తెలిసింది. తల్లీకూతుళ్ళు ఒకరికొకరు తెలియనివ్వకుండా కాపాడుకుంటున్న సంగతి అది. ఎప్పుడు చెప్పుకోవాలో, ఎలా చెప్పుకోవాలో వాళ్ళు చూసుకోవాల్సింది. దాన్ని నేను విందుభోజనం తర్వాత కబుర్లలో వాడుకున్నాను. ఆమె నన్ను ఆటో దాకా సాగనంపింది. ఆ మర్యాదకి నేను తలెత్తలేకపోయాను.

మంగళవారం క్లాసులో తలుపు తెరిచే ఉంచి అందరికీ చెప్పాను. ఎవరి రచనో, ఎవరి ఇల్లో వాళ్ళకి తెలుసు, అందుకని ఆ వివరాలు మళ్ళీ ఎత్తలేదు. ఆరో నియమం నేను తప్పాను, దానివల్ల ఒక ఇంటికి నష్టం జరిగింది అన్నాను. ఆలస్యానికి వరండాలో కూర్చోబెట్టినందుకు ఆ అమ్మాయిని క్షమించమని అడిగాను. ముందు బెంచీలో ఒక పిల్లవాడు చెయ్యెత్తి, ఆరో నియమం తప్పితే ఏం చెయ్యాలో చార్టులో లేదు మేడమ్ అన్నాడు. ఎగతాళికి అనలేదు. చూస్తే నిజంగానే లేదు. ఆలస్యానికి వరండా ఉంది, ఫోను మోగితే సాయంత్రం దాకా నా బీరువా ఉంది. దీనికి ఏమీ రాయలేదు. తప్పేది నేనవుతానని అనుకోలేదు కాబట్టి.

మీరే చెప్పండి అన్నాను. ఆ అమ్మాయే లేచింది.

‘మీరు కూడా ఒకటి రాసి చదవండి మేడమ్. మీ ఇంటి సంగతి.’

ఆ వారమంతా రాశాను. రాసి చించాను. మా నాన్న సైకిలు మీద బడికి తీసుకెళ్ళడం గురించి రెండు పేజీలు రాసి, ఇది చాలనుకున్నాను. చాలదని నాకే తెలుసు. ఆ అమ్మాయి రచన చదివిన రోజు నేను చెప్పకుండా దాచుకున్నది ఒకటుంది. చివరికి అదే రాశాను.

మాదీ మిరప పండించిన ఇల్లే. నాకు పదేళ్ళప్పుడు మా కల్లం దగ్గర సాయంత్రం పూట మా నాయనమ్మ మంచం వేసుకొని కూర్చునేది. కాయలు ఏరిన ఆడవాళ్ళు ఆమె ముందు ఒడి దులిపి వెళ్ళేవాళ్ళు. నాయనమ్మకి చూపు ఆనేది కాదు. అందుకని నన్ను పక్కన నిలబెట్టుకొని, చూడవే అనేది. నాకు అది ఆటలా ఉండేది. ఒకరోజు ఒకామె ఒడి దులిపాక కూడా నాకు ఉబ్బెత్తుగా కనిపించింది. నాయనమ్మ చెప్పకుండానే వెళ్ళి ఆమె చీర మడతలో చెయ్యి పెట్టాను. ఆమె గర్భిణి. కదలకుండా నిలబడింది. నా చేతికి ఏమీ దొరకలేదు. ఆమె నా తల మీద చెయ్యి వేసి, ఏం లేదులే తల్లీ అని వెళ్ళిపోయింది. నాయనమ్మ నన్ను చురుకైన పిల్లనని పదిమందికీ చెప్పుకుంది. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఫంక్షన్లో ఆ ఆసామి భార్య గురించి గొంతు తగ్గించి చెప్పినప్పుడు, అది వేరే ఎవరో చేసే పని అన్నట్టు చెప్పాను.

క్లాసులో నిలబడి చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగి, మళ్ళీ అదే వాక్యం మొదటి నుంచి చదివాను. ఇన్నేళ్ళూ పిల్లల్ని పైకి చదవమని చెప్పేటప్పుడు వాళ్ళకి ఏమవుతుందో నాకు తెలియలేదు. చదవడం అయ్యాక ఒకరిద్దరు ఏదో బాగుందన్నారు. ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది, ఆమె పేరేంటి మేడమ్ అని.

‘తెలియదు’ అన్నాను. మా కల్లంలో ఎన్నో ఏళ్ళు పనిచేసిన మనిషి. ఇంట్లో ఎవరినీ అడగను కూడా అడగలేదు.

ఆ అమ్మాయి తలూపి కూర్చుంది. నన్ను క్షమించిందని నేను అనుకోను. ఆ తర్వాత ఇచ్చిన అంశాలన్నింటి మీదా రాసింది, గడువులోపే ఇచ్చింది, తప్పుల్లేకుండా రాసింది. బస్సుల వేళల గురించీ, లైబ్రరీ గురించీ రాసింది. ఇంటి సంగతి మాత్రం మళ్ళీ ఒక్క అక్షరం రాయలేదు. నేను అడగలేదు. మంచి మార్కులతో పాసయ్యింది. వాళ్ళమ్మ ఆసామి భార్య దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. గుంటూరు రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి కుదిరిందని ఎవరో చెప్పారు. వదినా నేనూ మాట్లాడుకుంటూనే ఉన్నాం, క్లాసు సంగతులు తప్ప.

చార్టు ఇప్పుడు కొత్తది రాశాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళని ముందు కారణం అడుగుతాను. ఇంటి సంగతి రాసినవాళ్ళు, దాన్ని నేను చదవకూడదని వాళ్ళకి అనిపిస్తే, కాగితం మడిచి పిన్ను కొట్టి ఇవ్వచ్చు. రాశారని చూసుకొని విప్పకుండా తిరిగి ఇచ్చేస్తాను. ప్రతి ఏడూ అలాంటివి ఐదారు వస్తాయి.

కిందటి ఏడు ఎండాకాలంలో ఆ అమ్మాయి గుంటూరు బస్టాండులో కనిపించింది. తనే వచ్చి పలకరించింది. బి.ఇడి. చేస్తోందట. అమ్మ బాగుందని చెప్పింది. రాస్తున్నావా అని అడిగాను.

‘రాస్తున్నానండీ’ అంది.

ఏం రాస్తున్నావని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ అమ్మాయీ చెప్పలేదు. ఎండలు ఎక్కువగా ఉన్నాయని అనుకున్నాం. ఒంగోలు బస్సు వస్తే, వస్తాను మేడమ్ అని చెప్పి, పరిగెత్తి కిటికీ పక్క సీటు పట్టుకుంది.